నాయిన చేతిలో గంట తాడు

మొన్న ఆబిడ్స్ చౌరస్తాలో ఆటోలో కూర్చుని ఉండగా వెనకనుంచి అంబులెన్సు కూత మొదలైంది. ముందు బస్సు, పక్కన కార్లు, కదలడానికి సందు లేదు. నేను మాత్రం కుదురుగా కూర్చోలేక, ఈ వయసులో కిందికి దిగి, మోకాళ్ల నొప్పి మరిచిపోయి, అడ్డమున్న వాళ్లందరినీ జరగండి జరగండి అని అరిచాను. ఆటో అబ్బాయి నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. వాడికేం తెలుసు, నేను దవాఖాన బండి మనిషి కూతుర్నని.

నాంపల్లి వైపు పెరిగిన నా ఈడువాళ్లకు ఆ బండి గుర్తుండే ఉంటుంది. మా నాయిన ఎక్కిన బండికి కూత లేదు. నెత్తిన ఇత్తడి గంట, దాని తాడు లోపలికి వేలాడుతూ ఉండేది. రోగి తల దగ్గర కూర్చుని, కట్టవలసిన కట్టు కట్టి, ఆపైన ఒక చేత్తో నాడి పట్టుకుని రెండో చేత్తో ఆ తాడు లాగడం నాయిన పని. డ్యూటీ దిగాకైనా ఇంటిపట్టున ఉంటేగా! వానలు పడితే కలరా సూదులకని బస్తీలన్నీ తిరగడం, ఆదివారమొస్తే మా గల్లీలో అరుగు మీద ఎవరెవరి పుండ్లో కడగడం, నుమాయిష్ ఎగ్జిబిషన్ రోజుల్లో మైదానంలో డేరా వేసుకుని సొమ్మసిల్లినవాళ్ల ముఖాన నీళ్లు చల్లడం. ఏటా నుమాయిష్‌కు వెళ్లి మేము చూసిందల్లా ఆ డేరానే. కాలుగాలిన పిల్లి అని అమ్మ ఊరికే అనలేదు.

ఆ గంట గురించి మా వైపు ఒక నమ్మకం ఉండేది. బండి దవాఖానకు పోతూ గంట మోగుతున్నదంటే లోపల ప్రాణం ఉన్నట్టు, నడుమ ఆగిందంటే పోయినట్టు. ప్రాణం పోయాక తొందరేముందని మిగతా బండ్లవాళ్లు తాడు వదిలేసేవారు మరి. నాయిన మాత్రం దవాఖాన గేటు దాకా వదిలేవాడు కాదు. అమ్మ ఒకసారి అడిగితే, “డాక్టర్ జెప్పెదాంక జెప్పెటందుకు నేనెవన్ని? గేటు దాంకన్న ఆశ ఉండనియ్యి” అన్నాడట.

నేను కాలేజీలో చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం నానమ్మ బియ్యం చెరుగుతూ చెరుగుతూ పక్కకు ఒరిగిపోయింది. మూలమీది ఇరానీ హోటల్ నుంచి ఎవరో ఫోను చేశారు. వచ్చింది నాయిన బండే. ఆమె తల దగ్గర నాయిన, కాళ్లు ఒళ్లో పెట్టుకుని తాత, ఆయన పక్కన నేను. గంట మోగుతున్నంతసేపూ తాత ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఇంటికి పోయినాక సర్వపిండి చేసిపెట్టాలట, ఈసారైనా అంచులు మాడ్చకూడదట. గంట మోగుతున్నదన్న ధైర్యంతో నేను నవ్వాను కూడా. అఫ్జల్‌గంజ్ పెద్ద దవాఖానలో డాక్టరు నాడి చూసి, దారిలోనే పోయింది, కాసేపైందన్నాడు. తాత ఆమె పాదాల మీదికి చీర అంచు సర్దాడు. నాయిన గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

తాడు లాగిన ఆ చేతిని నాయిన ఆ తరువాత చాలా ఏళ్లు క్షమించలేదు. నాడి మొజంజాహి మార్కెట్ దగ్గరే ఆగిందనీ, ఆపి ఒక్క మాట చెప్పి ఉంటే తాత ఆమె నోట్లో ఇన్ని నీళ్లు పోసుకునేవాడనీ, పరాయివాళ్లకు చేసిన పనే కన్నతండ్రికీ చేసి ఆ కడసారి భాగ్యం కూడా లేకుండా చేశాననీ అమ్మతో చెప్పుకుని ఏడ్చాడు. తాతకు మాత్రం చెప్పలేకపోయాడు. ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తినడం మానేశాడు. ఆయన అరుగు మీదికి వస్తే ఏదో పని ఉన్నట్టు లేచి పోయేవాడు. ఒకే ఇంట్లో ఇద్దరి మధ్యా ఆ మాట అలాగే ఉండిపోయింది.

డెబ్బైలలో నాయిన రిటైరైనప్పుడు బస్తీవాళ్లు గల్లీలో షామియానా వేశారు. వద్దు వద్దని ఆయన పారిపోబోతే అమ్మే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. సేవ అనీ త్యాగం అనీ పెద్దలు పొగుడుతుంటే కుర్చీలో ముళ్లున్నట్టు మెసిలాడు. చివరికి శాలువా తండ్రి చేత కప్పించాలన్నారు. పళ్లెం పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. తాత శాలువా కప్పి, దాన్ని సర్దుతున్నట్టుగా వంగి, మా ఇద్దరికే వినబడేలా చెప్పాడు.

“మార్కెట్ కాడ్నే ఆమె కాళ్లు సల్లవడ్డయ్ కొడుకా. నాకెరికే. నువ్వు గంట ఆపుతలెవ్వు; నేను ముచ్చట ఆపితే నీ చెయ్యి ఆగుతదని చెప్పుకుంటనే పోయిన.”

నాయిన అందరి ముందే తండ్రి పొట్టకు తల ఆనించి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. సన్మానానికి పొంగిపోయాడనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నారు.

ఇప్పటి బండ్లలో మందులున్నాయి, ఆక్సిజన్ ఉంది, ఎందరో బతికి వస్తున్నారు. ఆ రోజులే మేలనేంత తెలివితక్కువదాన్ని కాను. కాకపోతే ఇప్పుడు మీట నొక్కితే కూత దానంతటదే మోగుతుంది, దాని కోసం ఎవరి చెయ్యీ నొప్పి పుట్టనక్కర్లేదు. మొన్న దారి దొరికి ఆ అంబులెన్సు కదిలాక, అది మార్కెట్ వైపు మళ్లి వినబడకుండా పోయేదాకా రోడ్డు మీదే నిలబడ్డాను. లోపల ఎవరు ఎవరి కాళ్లు ఒళ్లో పెట్టుకుని ఏం ముచ్చట చెబుతున్నారో.