నేను తీసేయించిన పేరు

ఆ సినిమాలో బొమ్మలు వేసే చేతులు హీరోవి కావు, మా రూమ్మేట్‌వి. ఈ సంగతి తెలిసినవాళ్ళు లోకంలో ఓ పదిమంది ఉంటారేమో. అంతకంటే ఎక్కువమందికి తెలియకుండా చేసిన ఘనత నాది.

అప్పట్లో మాంట్రియల్‌లో ఆరుగురం కలిసి ఒక నాలుగున్నర అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. అక్కడ ఇళ్ళను గదుల లెక్కన అలాగే చెబుతారు, ఆ అర అంటే బాత్రూమట. ప్రతి విమానంలోనూ మనవాళ్ళు దిగుతున్న రోజులవి. అందరికంటే ఏడాది ముందు దిగిన పాపానికి ఆ ఇంటికి నేను పెద్దమనిషినయ్యాను. పర్మిట్లు, ట్యాక్సులు, అక్కడే స్థిరపడడానికి కావలసిన పీఆర్ పాయింట్లు, ఏది అడిగినా ఠక్కున చెప్పేవాణ్ణి. తెలియకపోయినా చెప్పేవాణ్ణి. నాకు తెలియదు అనడం చిన్నప్పటి నుంచీ నాకు చేతకాదు.

ఆ చేతులున్న మావాడిది వరంగల్ దగ్గర. వాళ్ళ నాన్నగారు షాపులకు బోర్డులు రాసేవారు, ఎలక్షన్లొస్తే గోడలు రాసేవారు. వీడూ స్కూల్లో ఉండగానే బ్రష్ పట్టాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక డిగ్రీ పూర్తి చేసి, కన్సల్టెన్సీవాడు ఏ కోర్సు చూపిస్తే ఆ కోర్సులో చేరి ఇక్కడికొచ్చాడు. సప్లై చైన్ చదివేవాడు. అదేమిట్రా అంటే "సామాన్లు వచ్చుడు, పోవుడు అన్నా" అనేవాడు. అంతకుమించి నాకూ తెలియదు కాబట్టి ఊరుకునేవాణ్ణి.

క్లాసులయ్యాక వారానికి ఇరవై గంటలు ఒక కాఫీ షాపులో పనిచేసేవాడు. ఇరవై దాటకూడదని స్టూడెంట్ పర్మిట్ మీద రూలు. ఆ షాపులో నల్లబోర్డు మీద రోజూ మెనూ రాయడం కూడా వాడికే అప్పజెప్పారు. ఫ్రెంచ్ ముక్క రాదు, అక్షరాలు మాత్రం అచ్చు గుద్దినట్టు ఉండేవి. రోజూ కాఫీకి వచ్చే ఒకావిడ ఆ బోర్డు చూసి ఇది రాసిందెవరని అడిగింది. ఆవిడ సినిమా సెట్లకు రంగులు వేసే విభాగానికి హెడ్డు.

ఆ ఊళ్ళో పాత వీధుల్ని యూరప్ అని చూపించి సినిమాలు తీస్తుంటారు. అప్పుడు తీస్తున్నది ఒక చిత్రకారుడి జీవితకథ. రేవు కూలీల బొమ్మలు వేసి ఇరవై రెండేళ్ళకే ఆకాశానికెక్కి, ముప్పై నిండకముందే అందరూ మర్చిపోగా ధర్మాసుపత్రిలో పోయాడట. హీరోకి ఏడుపు బాగా వచ్చుగానీ బ్రష్ పట్టుకోవడం రాదు. ఆవిడ తీసుకెళ్తే, అక్కడివాళ్ళు మావాడి చేతుల కొలతలు తీసుకుని, హీరో చేతుల్లాగే సన్నగా ఉన్నాయన్నారు. ఒంటి రంగు సంగతి మేకప్‌వాళ్ళు చూసుకుంటారన్నారు. వాడు ఎగిరి గంతేశాడు. కాఫీ షాపు ఇరవై గంటల మీద వారానికి ఇంకో పదిహేను గంటలు ఈ పని. ఆ చిత్రకారుడి బొమ్మలకు పద్నాలుగు నకళ్ళు వేశాడు. కెమెరా వాడి మోచేతుల దాకా వచ్చి ఆగిపోయేది.

"గా పెయింటరు బ్రష్షు గిట్ల అడ్డం పట్టేటోడంట అన్నా, అచ్చం మా బాపు లెక్కనే" అని ఒకరోజు పప్పు గరిటె పట్టుకుని చూపించాడు. వాడంత సంతోషంగా ఉండడం ఆ ఇంట్లోకి వచ్చాక నేను మొదటిసారి చూశాను.

షూటింగ్ అయిపోయిన రోజు ఆ పద్నాలుగు బొమ్మల్నీ కోసి పారేశారు. అక్కడ అది పద్ధతి. నకళ్ళు బయటికిపోయి అసలువిగా అమ్ముడుపోకూడదని, హక్కులున్నవాళ్ళు ముందే ఒప్పందం రాయించుకుంటారు. కత్తి వాడి చేతికే ఇచ్చారు. ఒకాయన పక్కన నిలబడి ఒక్కో ముక్కకీ ఫోటో తీసుకున్నాడు. అన్యాయం కదరా అన్నాను నేను. వాడు మాత్రం అన్నం కలుపుకుంటూ "సున్నం గొడితే మా గోడలు గూడ పోయేటియే గద అన్నా" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. వాళ్ళ నాన్నగారు ఏ బోర్డు రాసినా కింద మూలన తన పేరు వేసి, పక్కన ఆర్ట్స్ అని చిన్నక్షరాల్లో రాసేవారట. షాపు మూతబడి, బోర్డు మీద మిగతాదంతా వెలిసిపోయినా, ఆ మూల మాత్రం ఎలాగో కనపడేదట.

అందుకే, సినిమా చివర నీ పేరు ఎలా పడాలో రాసివ్వమని ఆ రంగుల విభాగం హెడ్డు ఒక ఫారం ఇచ్చినప్పుడు వాడు రెండు రోజులు తెగ ఆలోచించాడు. ఇంటిపేరు ముందా, వెనకా? పూర్తిగానా, పొడి అక్షరాల్లోనా? నోట్‌బుక్కులో నాలుగు రకాలుగా, నాలుగూ అందంగా రాసి నా ముందు పెట్టాడు.

"ఏది మంచిగుందన్నా?"

నాకు ఒళ్ళు మండిపోయింది.

"బుద్ధుందా నీకు? ఇరవై గంటలు దాటి పనిచేశానని నువ్వే డప్పు కొట్టుకుంటావా? రేపు నీ పీఆర్ ఫైల్ ఓపెన్ చేసినవాడు నీ పేరు గూగుల్ చేస్తే? సినిమా డేట్లూ కాఫీ షాపు డేట్లూ పక్కపక్కన పెట్టి చూస్తే?"

"గట్ల గూడ జూస్తరా అన్నా?"

"చూడరని నువ్వు గ్యారంటీ ఇస్తావా? డిపోర్ట్ చేస్తే పోయి మళ్ళీ గోడలు రాసుకో."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. వాడు నోట్‌బుక్కు మూసేశాడు. మర్నాడు పోయి తన పేరు వేయొద్దని చెప్పి వచ్చాడు. ఆవిడ ఆశ్చర్యపోయి, ఎడిటింగ్ అయ్యేదాకా టైముంది, మనసు మారితే ఒక్క మెయిల్ పెట్టు చాలు అందట. ఆ ముక్క కూడా వాడు నాకు చెప్పాడు. అన్నీ నాకు చెప్పేవాడు.

ఫిబ్రవరిలో టీ-ఫోర్లు వచ్చాయి. మనం ఏడాదంతా ఎక్కడెక్కడ పనిచేశామో, ఎంత సంపాదించామో ఆ కంపెనీలు మనకూ ప్రభుత్వానికీ పంపే కాగితాలవి. ఇంట్లో అందరి ట్యాక్సులూ ఫైల్ చేసేది నేనే కదా, వాడి కవర్లు తెరిచాను. ఒకటి కాఫీ షాపుది. రెండోది సినిమా కంపెనీది, దాని మీద వాడి పేరు ఇంటిపేరుతో సహా నిక్షేపంగా ఉంది. ప్రభుత్వానికి తెలియకూడదని నేను పేరు తీయించాను. ప్రభుత్వం దగ్గర ఆ పేరు భేషుగ్గా ఉంది. తెలియకుండా పోయేది సినిమా చూసేవాళ్ళకే. ఈ మాత్రం ఆలోచన ఆ రోజు నా మట్టిబుర్రకు తట్టలేదు. పైగా అప్పటికి ఆ ఇరవై గంటల రూలునే కొన్నాళ్ళపాటు పక్కన పెట్టారు.

ఒక్క మెయిల్. చెబితే నా ఎదురుగానే టైప్ చేసేవాడు. నేను చెప్పలేదు. ఆ ఇంట్లో ఐదుగురు నా మాట మీద ఫారాలు నింపుతున్నారు, నాకేమీ తెలియదని తేలిపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది. మేలో ఒకరోజు వాడే అడిగాడు.

"అన్నా, ఇప్పుడు రూల్ తీసేసిండ్రు గద. పేరు ఎక్కిచ్చుకోవచ్చా?"

"అప్పుడు చేసిన పని అప్పటి రూలు కిందికే వస్తుంది, పేరు పడితే దొరికిపోతావు" అన్నాను. గిన్నెలు తోముతున్నాను, వెనక్కి తిరగలేదు.

"ఓ, గట్లనా" అన్నాడు. చెత్త సంచి కట్టి బయట పెట్టడానికి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో నేను చాలా అబద్ధాలే ఆడాను, ఇంత తేలిగ్గా మాత్రం ఏదీ ఆడలేదు.

చలి మొదలయ్యేనాటికి సినిమా విడుదలైంది. ఆదివారం మ్యాట్నీకి ఆరుగురం వెళ్ళాం. పేరు లేదని మిగతా నలుగురికీ తెలియదు. గంటల సంగతి ఎవరి దగ్గరా ఎత్తొద్దని నేనే చెప్పాను కాబట్టి వాడు ఏమీ చెప్పలేదు. తెర మీద చేతులు కనిపించిన ప్రతిసారీ మావాళ్ళు ఈలలు వేశారు, ముందు వరసలో ముసలి జంట వెనక్కి తిరిగి చూసింది. హీరో ఎదిగాడు, తాగాడు, అందరితో తగువు పెట్టుకున్నాడు, అనుకున్నట్టే ఆసుపత్రిలో పోయాడు. అతని కోసం నాకేమీ అనిపించలేదు. నేను చేతులే చూశాను. బొటనవేలి పక్కన కాఫీ మెషీన్ కాల్చిన మచ్చ మేకప్ కింద లీలగా కనిపించింది. చేతులు నిజంగా బాగా వేశాయి.

పేర్లు మొదలవగానే నలుగురూ ఫోన్లు తీసి వీడియో పెట్టారు. వాడి పేరు వచ్చిన క్షణం పట్టుకుని వాళ్ళింటికి పంపాలని వాళ్ళ ప్లాను. పేర్లు పైకి పోతూనే ఉన్నాయి. రంగులు వేసినవాళ్ళవి, బండ్లు నడిపినవాళ్ళవి, భోజనాలు పెట్టినవాళ్ళవి. హీరో వెంట రేవులో తిరిగిన కుక్క పేరు కూడా పడింది. వాడు చేతులు రెండూ జాకెట్ జేబుల్లో పెట్టుకుని, ఒక్క పేరూ వదలకుండా చదువుతున్నాడు. లైట్లు వెలిగాయి.

"ఏదిరా నీ పేరు?" అన్నాడు ఒకడు, ఫోన్ ఇంకా దించకుండానే.

"కుక్క పేరు పడింది, నీది పడలేదేందిరా?"

"అసలవి నీ చేతులేనా, లేక ఇన్నాళ్ళూ మాకు కోతలు కోశావా?"

వరసంతా పగలబడి నవ్వింది. వాడు తల తిప్పి నా వైపు చూశాడు. నేనే తీయించానని నేను ఒక్క ముక్క అంటే సరిపోయేది. నేను వంగి షూ లేసు కట్టుకున్నాను.

"మర్చిపోయినట్టుండ్రు, తియ్" అన్నాడు వాళ్ళతో.

అందరూ మళ్ళీ నవ్వారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను.