అడవిదాకా తీసుకెళ్లిన సిరా మరక

నా పెళ్లినాటి తెల్లచీర ఇప్పటికీ ఉంది. బీరువాలో అన్నిటికంటే అడుగున, పాత దిండు గలీబులో పెట్టి దాచాను. దాని కుచ్చిళ్ల దగ్గర బొటనవేలంత నీలి మరక ఉంటుంది. మొదట్లో ఎన్ని సబ్బులు పెట్టి రుద్దినా పోలేదు. కొన్నాళ్లకు రుద్దడం నేనే మానేశాను. అది ఉండటమే మంచిదనిపించింది.

ఆ మరక పెట్టింది మా వదిన, మా అన్నయ్య భార్య. ఏలూరులో చదువుకుని, మండవల్లి దగ్గర మా ఊరి బడికి టీచరుగా వచ్చింది. అన్నయ్యా టీచరే. చిన్నప్పుడే వాణ్ణి ఏలూరు హాస్టల్లో వేశారు, నన్ను రొయ్యల షెడ్డులో వేశారు. చెరువుల నుంచి వచ్చిన రొయ్యల తలలు తీసి, నీళ్లలో జాడించి, సైజుల వారీగా ట్రేల్లో వెయ్యడం నా పని. పెళ్లయ్యేనాటికి నాకు ఒక్క అక్షరం రాదు.

చర్చి పెళ్లిలో ప్రమాణాలూ ఉంగరాలూ అయ్యాక, బలిపీఠం పక్కన బల్ల మీద రిజిస్టరు తెరుస్తారు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ, రెండు వైపుల సాక్షులూ అందులో సంతకాలు పెట్టాలి. అంతసేపూ పాటలు ఆపేస్తారు. అందరి కళ్లూ ఆ బల్ల మీదే ఉంటాయి. మా ఆయన సంతకం చేసి పెన్ను నా చేతికిచ్చారు. నేను పాస్టరుగారి మొహంలోకి చూశాను. ఆయన చప్పుడు కాకుండా స్టాంపు ప్యాడు తియ్యబోతుంటే వదిన ముందుకొచ్చింది.

"ఉండండి అయ్యగారూ, నేను పెట్టిస్తాను. మా ఆడపడుచు వేళ్లు రొయ్యల మీద తిరిగినట్టు పెన్ను మీద తిరగవండీ," అంది. చివరి బెంచీ వాళ్లకు కూడా వినపడేలా అంది.

నా బొటనవేలు పట్టుకుని ప్యాడులో అద్ది, రిజిస్టరు మీద నొక్కింది. తరవాత ఆ వేలిని నా చీరకే తుడిచింది.

"ఏడవకు అమ్మడూ. నీ సంతకం నీ చీర మీద కూడా ఉంటుంది."

చర్చంతా నవ్వింది. మా అత్తగారి వైపు వాళ్లూ నవ్వారు. వదినా ఆడపడుచుల వేళాకోళం మా వైపు మామూలే. దానికి ఉడుక్కుంటే ఉడుక్కున్నవాళ్లదే తప్పు. అందుకని నేనూ నవ్వాను. మొహం మీద ముసుగు ఉండబట్టి ఆ నవ్వు ఎలా ఉందో ఎవరికీ తెలియలేదు.

పెళ్లయ్యాక ఏలూరు పక్కనున్న వట్లూరు వచ్చాను. మా ఆయన అక్కడ ఒక కాలేజీ బస్సు నడిపేవారు. మా చర్చిలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ మధ్యాహ్నాలు ఆడవాళ్లకు చదువు చెప్పేవారు. ఆవిడ దగ్గర అ ఆలు దిద్దాను. మా పాప బడికి వెళ్లడం మొదలుపెట్టాక దాని ఒకటో తరగతి పుస్తకం దానికంటే ముందు నేనే చదివేశాను. ఓపెన్ స్కూల్లో టెన్త్, ఆపైన ఇంటరు. తరవాత తాడేపల్లిగూడెంలో డిగ్రీలో చేరి, రోజూ ఏలూరు నుంచి పాసింజరు రైలెక్కేదాన్ని. బోటనీ తీసుకున్నాను. నా పక్కన కూర్చునే పిల్లలు మొదటిరోజు నన్ను లెక్చరర్ అనుకుని లేచి నిలబడ్డారు.

ప్రతి పరీక్షకూ ముందు బీరువా తెరిచి మరక చూసుకునేదాన్ని. ప్రార్థన కూడా చేసుకునేదాన్నిగాని, అది చూశాకే.

డిగ్రీ చివరి ఏడాది మా బోటనీ మేడమ్ నాచేత ఒక అప్లికేషను పెట్టించారు. మలేషియాలో, బోర్నియో దీవి మీద వాన అడవిలో, రకరకాల దేశాల విద్యార్థులు ఒక సీజనంతా ఉండి పరిశోధన పని నేర్చుకోవాలి. ఖర్చంతా వాళ్లదే. మధ్యలో వచ్చేస్తే సర్టిఫికెట్ ఇవ్వరు. నన్ను తీసుకున్నారు.

ఆ ఆదివారం అన్నయ్య ఇంట్లో భోజనాల దగ్గర సంగతి చెప్పాను. వదిన చేపల పులుసు వడ్డిస్తూ ఆగింది.

"అడవికా? కొల్లేటి దోమలకే అల్లాడిపోయేదానివి, నీకెందుకమ్మా? నెల తిరక్కుండా వచ్చేస్తావు చూడు. వచ్చేటప్పుడు నాకో కోతిపిల్లను పట్టుకురా."

"కోతి కోసం అంతదూరం ఎందుకండీ వదినగారూ? మీ హాల్లో నిలువుటద్దం ఉందిగా," అన్నాను.

అన్నయ్యకు పొలమారేంత నవ్వొచ్చింది. వదిన నవ్వలేదు. కాని అది నాకు చాల్లేదు. ఇంట్లో భోజనాల దగ్గర మాట ఇంట్లోనే పోతుంది. ఆవిడ నన్ను చర్చిలో, బల్ల దగ్గర, నలుగురి ముందు నవ్వులపాలు చేసింది.

అడవిలో నేను మొదట చూసింది చెట్లను కాదు, చీకటిని. పట్టపగలు కూడా కింద సాయంత్రంలాగే ఉండేది. పైన ఎక్కడో వాన పడుతున్న చప్పుడు వినపడేది, చినుకు మా దాకా రావడానికి చాలాసేపు పట్టేది. బట్టలు ఆరేవి కావు. జలగలు ఆకుల చివర నిలబడి మనిషి వాసనకు ఊగేవి. మేజోడులోంచి ఒక్కొక్కదాన్ని పీకి పారేసేటప్పుడు ఎవరి మొహం గుర్తొచ్చేదో వేరే చెప్పక్కర్లేదు.

అక్కడ చెట్ల కింద నడుమెత్తులో వలలు కట్టి ఉంటాయి. పైనుంచి రాలిన ఆకులూ పుల్లలూ పూలూ కాయలూ వాటిలో పడతాయి. అవన్నీ సంచుల్లో తెచ్చి, విడదీసి, ఆరబెట్టి తూస్తారు. అడవి ఏడాదికి ఎంత రాలుస్తుందో లెక్క కట్టడానికి. వల చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. ఇది మా పనే అనుకున్నాను. మొదటి సంచులు నాకు అప్పగించగానే వాగు దగ్గరికి పట్టుకెళ్లి, రొయ్యల్ని జాడించినట్టు జాడించి, నిగనిగలాడే ఆకుల్ని సైజుల వారీగా ట్రేల్లో పేర్చి తెచ్చాను. మెచ్చుకుంటారనుకున్నాను.

మా పరిశోధన చూసే శాస్త్రవేత్త ఆ దేశపు మనిషే, నా వయసే ఉంటుంది. ట్రేలోంచి ఒక ఆకు తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. తరవాత ఇంగ్లీషులో, నాకు అర్థమయ్యేలా మెల్లగా అడిగింది.

"ఎందుకు కడిగావు?"

"మట్టిగా ఉన్నాయని, మేడమ్."

"ఆ మట్టిలాంటి పొట్టును కూడా తూయాలి. అదంతా ఇప్పుడు వాగులో పోయింది. ఈ చెట్ల లెక్క ఈసారికి పోయినట్టే." కోప్పడినా బాగుండేది. "నీకు ఇక్కడ కష్టంగా ఉంటే చెప్పు. శుక్రవారం సరుకుల పడవ వస్తుంది, అందులో వెళ్లొచ్చు."

నిజంగానే వెళ్లిపోదామనుకున్నాను. సంచి సర్దుకున్నాను కూడా. గట్టు మీదికెక్కితేనే ఫోనుకు సిగ్నలు అందేది. మా ఆయనకు చెబుదామని ఎక్కితే, వదిన పంపిన వాయిస్ మెసేజీ ఉంది. అంతకుముందు వారం నాకు జ్వరం వచ్చిందని మా ఆయన నోరుజారి చెప్పారట.

"ఒంట్లో బాగోలేదంట కదమ్మా. ఎందుకొచ్చిన యాతన చెప్పు. వచ్చెయ్, ఎవరూ ఏమనుకోరులే. మన రొయ్యలు మనకున్నాయి." వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

వదిన గొంతులో తేనె కారుతోంది. ఆ మెసేజీ మళ్లీ పెట్టుకుని విన్నాను. మా ఆయనకు ఫోను చెయ్యకుండానే కిందికి దిగి, సర్దిన సంచి విప్పేశాను. శుక్రవారం పడవ వచ్చే వేళకు నేను మోకాలిలోతు బురదలో వల విప్పుతున్నాను. పడవ మోటారు చప్పుడు దగ్గరికొచ్చి, ఆగి, మళ్లీ దూరమైంది. తలెత్తి చూడలేదు.

ఆ సీజనంతా పొట్టు కూడా వదలకుండా ఏరాను. తప్పు చెయ్యలేదని కాదు, చేసిందే మళ్లీ చెయ్యలేదు. చివరిరోజు అందరి ముందూ నిలబడి నా వలల లెక్క ఇంగ్లీషులో చదివాను. శాస్త్రవేత్త చెయ్యి కలిపి, ఇంత పట్టుదల ఎక్కడిదని అడిగింది. ఇంటి దగ్గరిదే మేడమ్ అన్నాను.

తిరిగొచ్చిన కొద్ది వారాలకే మా మేనకోడలి పెళ్లి, అన్నయ్య కూతురిది, అదే చర్చిలో. వదిన గుమ్మం దగ్గరే నా చెయ్యి పట్టుకుని వియ్యాలవారి ముందు నిలబెట్టింది.

"మా ఆడపడుచండీ. విదేశాల్లో అడవుల మీద రీసెర్చి చేసొచ్చింది. దీనికి అక్షరాలు నేర్పింది నేనేనండీ. సాక్షి సంతకం కూడా దీనిచేతే పెట్టిస్తున్నాను."

వియ్యపురాలు రెండు చేతులూ జోడించింది. "ఎంత మంచి వదినండీ మీకు!"

అప్పటిదాకా నేను అనుకున్నది వేరు. ఆ రిజిస్టరులో చక్కటి సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టి, వదిన మొహంలోకి చూద్దామనుకున్నాను. అలా చేస్తే ఇప్పుడు ఆ సంతకం ఆవిడ ఖాతాలోకి పోతుంది.

ప్రమాణాలయ్యాయి. పాటలు ఆగాయి. పాస్టరుగారు అప్పటాయనే, కాస్త వంగిపోయారు. నా వైపు పెన్ను చాపారు.

"స్టాంపు ప్యాడు ఇప్పించండి అయ్యగారూ," అన్నాను.

"అదేంటమ్మా? నువ్వు డిగ్రీ చదివావు కదా?"

"చదివానండి. అది టీచరమ్మగారి దగ్గర, కాలేజీలోనూ. మా వదినగారు నేర్పింది మాత్రం వేలిముద్రేనండి. ఆవిడ కూతురి పెళ్లిలో ఆవిడ నేర్పిందే పెట్టడం మర్యాద కదండీ."

చివరి బెంచీ వాళ్లకు కూడా వినపడేలా అన్నాను. వియ్యపురాలు వదిన వైపు తిరిగింది. వదిన కొంగు సర్దుకుంది. నేను వేలు అద్ది, సాక్షి గడిలో గట్టిగా నొక్కాను. మేనకోడలి ముసుగుకు అంటకుండా జాగ్రత్తగా వెనక్కి జరిగి, వదిన మీగడరంగు పట్టుచీర కొంగు అందుకుని వేలు తుడుచుకున్నాను.

"ఉడుక్కోకండి వదినగారూ. వేళాకోళమే."

చర్చంతా నవ్వింది. ముందు మా ఊరివాళ్లు నవ్వారు, తరవాత వియ్యాలవారు. వదిన కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? కాకపోతే ఆవిడకు ముసుగు లేదు.