జెరూషా నల్ల గౌను

న్యూజెర్సీలో ఒకప్పుడు ఆడవాళ్లు ఓటేసేవాళ్లని చెబితే ఇప్పటి కుర్రకారు పగలబడి నవ్వుతారు. వాళ్ల తాతలకు మాత్రం నవ్వు రాదు. చూపు పక్కకు తిప్పుకుని వానల సంగతి ఎత్తుతారు. అందుకే మా అక్క జెరూషా సంగతి చెప్పి తీరాలనుకున్నాను. మా ఊరు బ్రూక్‌హాలోలో నా మీద కోపం తెచ్చుకునేవాళ్లు తెచ్చుకోవచ్చు. వాళ్ల మీద నాకున్న కోపం ముందు అదెంత?

అక్కది యాపిల్ తోట. పళ్లను గానుగలో పిండి, ఆ రసంతో సారా కాచేది. ఇంగ్లండు రాజు సైన్యం మా ఊరి మీద పడి ఇళ్లు తగలబెట్టిన వేసవిలో బావ ఏమస్ తుపాకీ పట్టుకుని వంతెన దగ్గరికి వెళ్లాడు, తిరిగి రాలేదు. పిల్లలు లేరు. అక్కకు మిగిలింది తోట, గానుగ, సంతాపం కోసం తనే కుట్టుకున్న ఒక నల్ల గౌను. ఏడాది దాటాక ఆ గౌనును పెట్టెలో పెట్టేసింది. మళ్లీ దాన్ని బయటికి తీసింది ఎన్నికల రోజునే. ఓటేసిన ప్రతిసారీ అదే వేసుకునేది.

ఎందుకని నేనొకసారి అడిగాను.

"ఇది ఊరికే వచ్చిన ఓటు కాదే టాబీ. మీ బావ ప్రాణం ఇచ్చి తెచ్చింది. పువ్వుల గౌను వేసుకెళ్లి వెయ్యమంటావా?" అంది.

మా రాష్ట్రం రాజును వదిలించుకున్నప్పుడు రాసుకున్న శాసనంలో, కాస్త ఆస్తి ఉన్నవాళ్లందరికీ ఓటు అన్నారు. మగవాళ్లకే అని రాయలేదు, తెల్లవాళ్లకే అనీ రాయలేదు. మంచి మనసుతో అలా రాశారో, ఏమరుపాటున రాశారో నాకు తెలియదు. పెళ్లయిన ఆడదానికి మాత్రం అందులో వాటా లేదు, మా ఆస్తి మొత్తం మొగుడిదే కాబట్టి. నా ఒంటి మీది బట్ట కూడా నా మొగుడు ఎనోస్‌దేనట. అలా అక్కకు ఓటుంది, నాకు లేదు. పీపాలు చేసే ప్రైమస్ నల్లవాడే, అయినా సొంత కొట్టు ఉంది కాబట్టి అతనికీ ఉంది.

పదమూడు రాష్ట్రాలనూ ఒక్క దేశంగా కలిపే రాజ్యాంగం వచ్చినప్పుడు, దానికి ఒప్పుకోవాలా వద్దా అని తేల్చే సభకు మనుషుల్ని పంపాలి. అక్క మొదటిసారి ఓటేసింది అప్పుడే. మా ఊరి సత్రంలో మగవాళ్లు దేశం పుట్టిందని తెల్లవార్లూ తాగారు. తాగిందంతా అక్క కాచిన సారానే.

దేశం పుట్టి పట్టుమని పదేళ్లు కాకుండానే ఫెడరలిస్టులు, రిపబ్లికన్లు అని రెండు ముక్కలైంది. ఇక చూడాలి విధవల వైభవం! పొయ్యిలో కట్టెలున్నాయా అని ఏనాడూ అడగనివాళ్లు, ఎన్నికలనగానే బండి కట్టుకుని గుమ్మం ముందు వాలేవాళ్లు. ఒక పార్టీ టీ పొట్లం తెస్తే రెండో పార్టీ పంచదార తెచ్చేది. అక్క రెండూ తీసుకుని, బండెక్కకుండా నడిచే వెళ్లేది. ఎవరికి వేసిందో నాకు కూడా చెప్పేది కాదు.

పిండిమిల్లు లెమ్యుయల్ హాచ్ ఆమెను పెళ్లాడాలని చూశాడు. మనిషి చెడ్డవాడేం కాదు, నవ్వించేవాడు. ఆ మాటలు నా ఎదుటే జరిగాయి.

"నీ తోటకీ నా మిల్లుకీ మధ్య ఉన్నది ఒక్క కంచేగా జెరూషా. తీసేద్దాం," అన్నాడు.

"తీసేస్తే తోట ఎవరిదవుద్ది?"

"మనిద్దరిదీ."

"చట్టం ఏమంటది?"

"చట్టానికేం, నాదే అంటది. మనలో మనకు తేడా ఏంటి?"

"మరి నా ఓటు?"

"ఇద్దరి తరఫునా నేనేస్తాగా!"

"అయితే ఇద్దరి తరఫునా కాపురం కూడా నువ్వే చేసుకో," అంది అక్క.

అతను వెళ్లిపోయాక అక్క చాలాసేపు గానుగ దగ్గరే కూర్చుంది. అతనంటే ఆమెకు ఇష్టమే. ఆ ఓటు కోసం ఏం వదులుకుందో నాకు తెలుసు కాబట్టే, తర్వాత జరిగినదాన్ని నేను క్షమించలేను.

1807 చలికాలంలో జిల్లా కోర్టు ఎక్కడ కట్టాలో ఓటేసి తేల్చుకోమన్నారు. మా ఊళ్లోనా, నదికి అవతల స్టోన్‌ఫెర్రీలోనా? ఒక్క రాతి కట్టడం కోసం రెండు ఊళ్లకూ పిచ్చెక్కింది. మీసం మొలవనివాళ్లు ఓటేశారు. ఊరు దాటిపోతున్న బాటసారులు ఓటేశారు. వేసినవాళ్లే ఇంకో పేరుతో మళ్లీ వేశారు.

ఓట్లు రెండు మూడు రోజులు సాగాయి. మొదటిరోజు తొక్కిసలాట సంగతి విని, అక్క రెండోరోజు వెళ్దామనుకుంది. పొద్దున్నే పెట్టె తెరిస్తే నల్ల గౌను లేదు. వెతికి వెతికి, చివరికి గోధుమరంగు గౌనులోనే సత్రానికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

ఓట్ల పెట్టె దగ్గర కూర్చున్న అధికారి తల ఎగరేశాడు. "నిన్ననే వేశావుగా తల్లీ, నల్ల గౌనులో వచ్చి! చలి అని ముఖం నిండా శాలువా కప్పుకున్నావు కూడానూ."

"నేను నిన్న ఇల్లే కదల్లేదు."

"వయసు మీద పడితే ఇంతే, ఏం చేశామో గుర్తుండదు," అన్నాడు ఎవడో వెనకనుంచి. సత్రమంతా ఘొల్లుమంది. నా మొగుడు ఎనోస్ మాత్రం నవ్వలేదు. చలిమంట దగ్గర కూర్చుని, చేతిలోని గ్లాసులో ఏదో పడ్డట్టు దానిలోకే చూస్తున్నాడు. రెండ్రోజుల కిందట గానుగ మర బిగిస్తానని అక్క ఇంటికి వెళ్లింది ఇతనే.

గౌను మా కొట్టంలో ఎండుగడ్డి కింద దొరికింది. అంచంతా బురద, జేబులో పొగాకు, రెండు చంకల్లోనూ కుట్లు ఫట్టుమని విడిపోయి ఉన్నాయి. అక్క దాన్ని ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఎనోస్ లోపలికి వచ్చి చూసి, కాసేపు నసిగి, తర్వాత ఎదురు తిరిగాడు.

"ఊరి కోసం చేశాం వదినా. కోర్టొస్తే నీ సారాకే గిరాకీ."

"నా ఓటు మన ఊరికే వేసేదాన్నిగా."

"నువ్వు ఒక్కసారే వేస్తావ్. ఆ గౌన్లో నేను మూడు చోట్ల వేశా," అని పళ్లికిలించాడు. ఆ పళ్లు రాలగొడదామనిపించింది నాకు.

మా ఊరు గెలిచింది. గంటలు మోగించారు, మంటలు వేశారు. తీరా చూస్తే ఊళ్లో ఉన్న జనం కంటే పడిన ఓట్లే ఎక్కువ. ఎన్నిక రద్దయింది. రాజధాని ట్రెంటన్‌లో శాసనసభ దీన్ని పట్టుకుంది. ఆడవాళ్ల వల్లా నల్లవాళ్ల వల్లా ఎన్నికలు పాడవుతున్నాయని పెద్దమనుషులు మొదలుపెట్టారు.

అక్క ఎనోస్ దగ్గరికి వచ్చి బతిమాలింది. ఆమె ఒకరిని బతిమాలడం నేను చూసింది అప్పుడొక్కసారే.

"ట్రెంటన్ వెళ్లి నిజం చెప్పు మరిదీ. లంగాల్లో వచ్చింది మగాళ్లేనని ఒక్క మాట చెప్పు. లేకపోతే ఓటు తీసేస్తారు."

"చెబితే నన్ను లోపలేస్తారు. అయినా ఓటు పోతే ఏమైంది వదినా? అన్నం మానేస్తావా?"

ఆ నవంబరులోనే చట్టం వచ్చింది. ఇక మీదట ఓటు తెల్లజాతి మగవాళ్లకే. మోసం చేసింది గౌన్లు తొడుక్కున్న మగవాళ్లు, ఓటు పోయింది వాళ్లు ఎవరి గౌన్లు దొంగిలించారో వాళ్లది. ఇంతటి న్యాయం ఇంగ్లండు రాజుకు కూడా తోచలేదు.

మరుసటి అక్టోబరులో ఓట్ల పెట్టె దగ్గర కూర్చునే అధికారిగా ఊరు ఎవరిని పెట్టుకుందో చెబితే నమ్మరు. నా మొగుడినే! నమ్మకస్తుడట.

అక్క ఆ రోజు నల్ల గౌను వేసుకుంది. చంకల కుట్లు అలాగే విడిపోయి ఉన్నాయి, నన్ను కుట్టనివ్వలేదు. తిన్నగా వెళ్లి ఎనోస్ ముందు నిలబడింది.

"చట్టం మారింది వదినా. తెలుసుగా," అన్నాడు.

"తెలుసు. ఒక్కటడుగుతా, చెప్పు. కిందటిసారి ఈ గౌను వేసుకొచ్చి ఓటేసింది ఆడా, మగా?"

సత్రంలో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

"ఆడే... నువ్వే వేశావ్," అన్నాడు ఎనోస్.

నేను గుమ్మం దాటి లోపలికి వచ్చేశాను. "దాని చంకలు చూడండయ్యా!" అని అరిచాను. "మా అక్క ఒళ్లా అది చింపింది? ఇరవయ్యేళ్లుగా ఆ భుజాలకు చొక్కాలు కుడుతున్నదాన్ని, కొలతలు నన్నడగండి!"

అందరికీ తెలుసు, అందులో సగంమంది తమ పెళ్లాల లంగాలు తొడుక్కున్నవాళ్లే. ఎనోస్ ముఖం కందగడ్డయింది. "టాబీ, ఇంటికి పో," అన్నాడు.

"ఈ గౌనుకి ఓటుంది. దీని లోపల నేనుంటేనే లేదు," అంది అక్క. అని వెనక్కి తిరిగింది.

ప్రైమస్ బయట మెట్ల మీద నిలబడి ఉన్నాడు. అతన్ని అంతకుముందే పంపేశారు. టోపీ తీసి, "మనల్ని ఒకే గుమ్మంలోంచి గెంటారమ్మా. పదండి, గానుగ దాకా తోడొస్తా," అన్నాడు. వెనక సత్రంలో మళ్లీ గ్లాసులు మోగడం మొదలైంది.

ఆ తర్వాత అక్క ఎన్నికల మాట ఎత్తలేదు. సారా కాచింది గానీ, ఆ సత్రానికి ఒక్క పీపా కూడా అమ్మలేదు. ఆరేళ్ల తర్వాత దగ్గుతో పోయింది. శవపేటిక మోయడానికి ఎనోస్ వస్తే, నేను చెయ్యి పెట్టనివ్వలేదు. అతను మాత్రం ప్రతి అక్టోబరూ మర్యాదగా తన చొక్కాలోనే వెళ్లి ఓటేసి వచ్చేవాడు. కిందటేడు పోయాడు.

తోట అక్క నా పేర రాసింది. మొగుడున్నంతకాలం అది మొగుడిది, ఇప్పుడు నాది. ఆస్తి ఉంది, మొగుడు లేడు. అక్కకు ఓటిచ్చిన ఆ పాత శాసనం ఉండి ఉంటే, నా బతుకులో మొదటిసారి ఈ అక్టోబరులో నాకూ ఓటు ఉండేది. గౌను నా పెట్టెలోనే ఉంది. వేసుకుని చూశాను, నాకు సరిగ్గా సరిపోయింది.