పనిచెయ్యని కెమెరాలో నా గొంతు

దెయ్యాలనీ గాలి సోకిందనీ ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. కొత్తపేటలో మాది ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. మా నాన్నగారి తర్వాత నేను చూసుకుంటున్నాను. కరెంటు ఉంటే లైటు వెలుగుతుంది, లేకపోతే వెలగదు. ఈ రెండింటికీ మధ్య మూడో సంగతి ఉంటుందని నేను ఏనాడూ ఒప్పుకోలేదు. ఇప్పుడు కూడా దెయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మా కారు ముందు అద్దానికి రెండు డ్యాష్ క్యామ్‌లు ఉండేవి. చిన్న కెమెరాలు. కారు నడుస్తున్నంతసేపూ ముందున్న రోడ్డునీ, లోపల మాట్లాడుకునే మాటల్నీ రికార్డు చేస్తాయి.

మొదటిది మా బావమరిది మస్కట్ నుంచి వస్తూ తెచ్చాడు. కంపెనీ పేరు చెప్పను గానీ మంచి పేరున్నదే. మా ఎండల్లో, వానల్లో ఏళ్ళ తరబడి ఒక్కసారి కూడా మొరాయించలేదు. చివరికి దాని బ్యాటరీ ఉబ్బింది. ఉబ్బిన బ్యాటరీ కారులో ఉంటే అంటుకోవచ్చు. అందుకని నేనే కింది మూత విప్పి బ్యాటరీ తీసి పారేశాను. వైరు కూడా పీకేశాను. కెమెరాను మాత్రం ఊడదియ్యలేకపోయాను. దాని జిగురు అంత గట్టిది. లాగితే అద్దం పగిలేలా ఉందని అలాగే వదిలేశాను. స్క్రూడ్రైవరు జారి లెన్సు మీద చిన్న గీత పడింది. పాడైపోయినదే కదా అనుకున్నాను. లోపలి మెమరీ కార్డు సంగతి గుర్తే లేదు.

రెండోది ఆ కంపెనీ పేరు చూసే కొన్నాను. అట్టపెట్టె మీద అదే పేరు, అదే రంగు. లోపల సరుకు వేరు. ఎండకి జిగురు కరిగి ఊడి కింద పడేది. తేదీ దానంతటదే ఏదో పాత సంవత్సరానికి పోయేది. కార్డు లోపలే ఉన్నా లేదని అరిచేది. కంపెనీకి ఫోన్ చేస్తే కార్డు తుడిచి మళ్ళీ పెట్టమన్నారు. గొడవ పెట్టుకుంటే ఇంకొకటి పంపారు. అదీ అంతే.

ఇది నాకు కొత్త కాదు. మా నాన్నగారు అమ్మిన ఫ్యాన్లు ఊళ్ళో ఇంకా తిరుగుతున్నాయి. అదే పేరుతో ఇప్పుడొచ్చే ఫ్యాన్లు వారంటీ దాటగానే గరగరమంటూ రిపేరుకని నా బల్ల మీదికి వస్తాయి. కంపెనీలు పేరు మాత్రం ఉంచుకుని, సరుకు చవగ్గా ఎవరి చేతో చేయిస్తున్నాయని నా అనుమానం. అట్టపెట్టె మీద పేరు చూస్తే ఇప్పుడు నాకు ధైర్యం రాదు, భయమే వేస్తుంది.

ఇది జరిగిన రోజు నగరం అనే ఊళ్ళో మా ఆవిడ సుభద్ర చెల్లెలి ఇంట్లో గృహప్రవేశం. భోజనాలయ్యాక మధ్యాహ్నం బయల్దేరాం. పక్క సీట్లో కూర్చున్న సుభద్ర ఊరు దాటకముందే నిద్రపోయింది. గోదావరి పాయ మీదుగా కాలవని దాటించే గన్నవరం అక్విడెక్టు ఇంకా రాలేదు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరితోట. రోడ్డు ఖాళీగా ఉంది.

తోటలోంచి ఒక బైకు ఉన్నట్టుండి రోడ్డు మీదికి వచ్చేసింది. వెనక రొయ్యల మేత బస్తా కట్టి ఉంది. నేను బ్రేకు తొక్కాను. బంపరు తగిలి బైకు నడిపే కుర్రాడు పడిపోయాడు. నాకు గుర్తున్నది ఇంతే. వస్తున్న వేగంతోనే వస్తున్నాను, బైకు కనిపించింది, బ్రేకు తొక్కాను.

కుర్రాడి పేరు నరేష్. కాలు విరిగింది గానీ ప్రాణానికి ప్రమాదం లేదు. అమలాపురం ఆసుపత్రికి పంపించాం. ఈలోగా అతని మేనమామ వీర్రాజు పదిమందిని వెంటేసుకుని వచ్చాడు.

"ఫోన్లో మాట్టాడుకుంటా అంత స్పీడుగా ఎలా వచ్చేరండీ? తోటలో ఉన్నోళ్ళు చూసేరు!" అని అరిచాడు.

అందరం పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. మా కారులో ఒక కానిస్టేబుల్ కూర్చున్నాడు. నాకు భయం లేదు. కెమెరాలో అంతా ఉంటుంది కదా అని ఎస్సై గారితో నేనే అన్నాను.

కొత్త కెమెరా కార్డు తీసి కంప్యూటర్లో పెట్టారు. ఆ రోజుదే కాదు, అంతకు ముందువి కూడా ఏమీ లేవు. కార్డు ఖాళీ.

"తుడిపేసేరండి," అన్నాడు వీర్రాజు. "కరెంటు సామాన్లు అమ్మేవోరికి అదెంత పనండీ?"

అప్పటిదాకా నన్ను కుర్చీలో కూర్చోమన్న ఎస్సై గారి చూపు మారిపోయింది. ఆ నాసిరకం వస్తువు నన్ను అందరి ముందూ దొంగని చేసి కూర్చోబెట్టింది.

అప్పుడు కానిస్టేబుల్ అందుకున్నాడు. "అద్దానికి ఇంకోటుంది కదండీ?"

"అది పాడైపోయి చాలా కాలమైందండి. బ్యాటరీ లేదు, వైరు లేదు."

"కార్డుందేమో చూద్దారండి," అంటూ అతనే వెళ్ళి కార్డు తీసుకొచ్చాడు.

కార్డులో అన్నీ పాత ఫైళ్ళు. చివరిది మాత్రం ఆ రోజుదే. తేదీ సరిగ్గా ఉంది, వేళ కూడా సరిపోయింది.

"పనిచెయ్యదన్నారు?" అన్నారు ఎస్సై గారు.

కార్డులు నేనే తారుమారు చేశానేమో, ఇది కొత్త కెమెరా తీసిందేనేమో అని మొదట నన్ను నేనే అనుమానించాను. కానీ బొమ్మ మూలన స్క్రూడ్రైవరు జారి పడ్డ ఆ గీత ఉంది. అది పాత లెన్సుదే.

బొమ్మలో కాలవ, తోట, ఖాళీ రోడ్డు. ఇంజను చప్పుడు, సుభద్ర సన్నటి గురక. కాసేపటికి నా గొంతు వినిపించింది.

"ఆయ్, తగ్గిస్తానండి."

ఆ వెంటనే కారు వేగం తగ్గింది. చెట్లు మెల్లగా జరిగాయి. అప్పుడు తోటలోంచి బైకు వచ్చింది. బ్రేకు చప్పుడు, సుభద్ర కేక. అక్కడితో ఆగిపోయింది.

నేను ఆ మాట అన్నట్టు నాకు గుర్తు లేదు. ముందే వేగం తగ్గించినట్టు కూడా గుర్తు లేదు.

"ఫోన్లో ఎవరండీ?" అన్నారు ఎస్సై గారు.

నా ఫోను తీసి ఆయన చేతికిచ్చాను. సుభద్ర ఫోను కూడా చూశారు. ఆ వేళకి రెండింటిలోనూ కాల్ ఏదీ లేదు. కారులో బ్లూటూత్ లేదు. సుభద్రను అడిగితే, బైకు తగిలిన కుదుపుకే మెలకువ వచ్చిందని చెప్పింది.

వీర్రాజు ఆ ఫైలు ఇంకోసారి వేయించుకుని చూశాడు. "తగ్గించేరండి, అబద్ధమెందుకు. మావోడే చూసుకోలేదు. అలా తగ్గకపోతే చక్రం కిందికి పోయేవోడు," అన్నాడు.

అలా నేను బయటపడ్డాను. వస్తుంటే ఎస్సై గారు మాత్రం, "ఆ మాట ఎవరితో అన్నారో మీరు చెప్పట్లేదు," అన్నారు. తమాషాకి అన్న మాట కాదు.

అక్విడెక్టు దాటాక సుభద్ర నావైపు తిరిగి అడిగింది.

"ఇన్నేళ్ళలో నాతో ఎప్పుడన్నా అండీ అన్నారా మీరు?"

"లేదు."

"మరి ఆ అండీ ఎవరికండీ?"

తర్వాత చాలా రోజులు నేను స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె నా ఫోను తీసి చూసేది. నాకు తెలుసు. ఆమె చోట ఎవరున్నా అదే చేస్తారు.

అద్దం పోతే పోయిందని పాత కెమెరాని ఊడదీశాను. షాపులో బల్ల మీద పెట్టి విప్పాను. లోపల బోర్డు పచ్చగా చిలుము పట్టిపోయింది. బ్యాటరీ ఉండాల్సిన చోట సాలీడు గూడు. నేరుగా కరెంటు ఇచ్చి చూశాను. లైటు కూడా వెలగలేదు. అమలాపురంలో సెల్‌ఫోన్లు బాగుచేసే స్నేహితుడికి చూపిస్తే, "ఇది లేచేది కాదండి బాబూ, దీని మీద ఆశ వదిలెయ్యండి," అన్నాడు. జరిగింది చెప్పాను. నేను అతన్ని ఆటపట్టిస్తున్నాననుకున్నాడు.

ఎవరైనా కంప్యూటర్లో నా గొంతు తయారుచేసి పెట్టారేమో అని కూడా ఆలోచించాను. ఈ రోజుల్లో అదేమంత కష్టం కాదంటున్నారు. కానీ బైకు తగిలినప్పటి నుంచి స్టేషన్‌కి వెళ్ళేదాకా నేను కారు దగ్గరే ఉన్నాను. అందులో చెయ్యి పెట్టినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ ఫైలు కాపీ ఇప్పించుకున్నాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎన్నోసార్లు విన్నాను. నా మాటకి ముందు ఇంకెవరి మాటా లేదు. నా గొంతు మాత్రం కంగారు పడ్డ గొంతు కాదు. పక్కనున్న పెద్దవాళ్ళెవరో నెమ్మదిగా వెళ్ళమంటే ఒప్పుకున్నట్టు, అంత మామూలుగా ఉంది.

ఈమధ్య నరేష్ చంకల్లో కర్రలతో మా షాపుకి వచ్చాడు. మామయ్య చెప్పాడట, ఆ వీడియో ఒకసారి చూపించమన్నాడు. చూపించాను. నిలబడే చూశాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తగ్గించమన్నది ఎవరండీ?" అన్నాడు.

"నాకు తెలీదు బాబూ."

"చెప్పకూడనిదైతే వద్దులెండి. నాకు మొన్ననే పాప పుట్టిందండి. ఆరెవరో తెలిస్తే దణ్ణం పెట్టుకుందారని అడిగేను, అంతే."

"ఒట్టు, నిజంగా తెలీదు."

"ఆయ్," అన్నాడు మర్యాదకి. మెట్లు దిగి, ఒకసారి ఆగి, నా మొహంలోకి చూసి వెళ్ళిపోయాడు. నేనేదో దాస్తున్నానని అతని నమ్మకం. తప్పు పట్టను. అతని చోట నేనున్నా ఇదే అనుకునేవాణ్ణి.