పాతది తెస్తేనే కొత్తది

మునిసిపాలిటీ బండ్ల షెడ్డులో స్టోరు కిటికీ వెనకాల కూర్చునే ఆవిడకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎదురుగా అందరూ "అమ్మగారూ" అంటారు, ఆవిడ అటు తిరగ్గానే "మిరపకాయ" అంటారు. ఆ పేరు ఆవిడకీ తెలుసు. తెలిసి లోలోపల కాస్త మురిసిపోతుంది కూడా. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అవుతుందని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు, అనుభవం మీదే తెలిసింది.

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే బండ్లకు వేసే పిన్నుల డబ్బా ఖాళీ అయితే, పై అధికారి పదిమంది ముందు నిలబెట్టి ఆవిడని కడిగి పారేశాడు. ఆవిడ ఒక్క పిన్ను ముట్టుకుంటే ఒట్టు. మెకానిక్కులే గుప్పెళ్లతో పట్టుకుపోయి ఎక్కడపడితే అక్కడ పారేసుకున్నారు. ఆ మర్నాడే అట్టముక్క మీద తన చేత్తో రాసి కిటికీ పైన తగిలించింది: పాతది తెస్తేనే కొత్తది. ఆ అధికారి ఎప్పుడో బదిలీ అయి వెళ్లిపోయాడు. ఆయన నోరు మాత్రం ఈవిడకి వచ్చి, ఇరవై రెండేళ్లుగా ఇక్కడే కాపురం పెట్టింది.

ఆవిడ తమ్ముడు పనిచేసేదీ ఆ షెడ్డులోనే. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్లు. గుండీలు పెట్టి బడికి పంపిందీ ఆవిడే, పాఠం రాకపోతే వీపు విమానం మోత మోగించిందీ ఆవిడే. ఇప్పుడు వాడు లైట్ల బండి ఎక్కి వీధి దీపాలు బాగుచేస్తాడు. ఆ బండికి పొడవాటి ఇనుప చెయ్యి, చెయ్యి చివర మనిషి నిలబడే తొట్టి ఉంటాయి. అలాంటి బండ్లు షెడ్డులో నాలుగు. చెయ్యి ఎంత ఎత్తుకి లేచినా తొట్టి నిటారుగా నిలవాలి. దాన్నలా నిలబెట్టేది ఒక కడ్డీ, ఆ కడ్డీని తొట్టికి కలిపేది క్లెవిస్ పిన్ను. బొటనవేలంత ఉక్కు చీల అది. ఒక కొసన తల ఉంటుంది కాబట్టి అటునుంచి జారదు. రెండో కొసన సన్నటి చిల్లు ఉంటుంది, అటూ జారకుండా అందులో స్ప్లిట్ పిన్ను, అంటే మధ్యకి మడిచిన ఉక్కు తీగ, దూర్చి దాని రెండు కాళ్లూ చెరోవైపు వంచాలి. చూడ్డానికి అగ్గిపుల్లంత ఉంటుంది. పైనున్న మనిషి ప్రాణం దాని దయ. ఒకసారి వంచినదాన్ని సాపుచేసి మళ్లీ వంచితే విరుగుతుంది, అందుకే విప్పిన ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. ఈ సంగతి షెడ్డులో కుక్కకి కూడా తెలుసు.

ఆ మంగళవారం పొద్దున పదింటికి తమ్ముడు మోచేతికి రుమాలు చుట్టుకుని వచ్చాడు. తొట్టి రెండు నిలువుల ఎత్తు లేచిందో లేదో, ఒక్కసారిగా బోర్లా తిరిగిందట. నడుము బెల్టు పట్టి ఉంచబట్టి గాలిలో వేలాడాడు, మోచెయ్యి గీరుకుపోయింది. ఇంకో పది అడుగులు లేచాక, బెల్టు కూడా తెగి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. వాడు కిటికీ గట్టు మీద ఒక వంకర మేకు పెట్టాడు. ఊడిన చీల పక్కనే ఈ మేకు రోడ్డు మీద పడి ఉందన్నాడు. మధ్యాహ్నం రెండో బండి ఎక్కుతానని కూడా అన్నాడు, అదేదో సినిమాకి వెళ్తున్నట్టు.

ఆవిడ కిటికీకి తాళం కూడా వెయ్యకుండా లేచింది. షెడ్డు మధ్యలో నిలబడి, మేకు ఎత్తిపట్టుకుని, అగ్గిమీద గుగ్గిలమైంది. గోడకి పటం తగిలించే మేకుని మనిషి కాళ్ల కింద పెట్టిన మహానుభావుడెవరో చెప్పమంది. మీ పిల్లల్ని ఎక్కిస్తారా అని అడిగింది. చేతుల్లో రెంచీలున్నవాళ్లు రెంచీలనే చూసుకున్నారు. ఆ కోపంలో తప్పేముంది? వాడు ఆవిడ పెంచిన బిడ్డ.

చివరికి పెద్ద మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. మరో రెండేళ్లలో రిటైరయ్యే మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అననివాడు.

"నేనేనమ్మా. పోయిన శుక్రవారం కిటికీ దగ్గరికొచ్చాను. పాత పిన్ను విరిగి సగమే దొరికింది, అదే చూపించాను. మిగతా సగం కూడా తెమ్మన్నారు."

ఆవిడకి గుర్తొచ్చింది. అనడమే కాదు, ఆ సాయంత్రం ఇంట్లో తమ్ముడికి చెప్పి నవ్వింది కూడా. వాడూ పడీపడీ నవ్వాడు. ఇప్పుడు వాడు నేల చూపులు చూస్తున్నాడు.

"గంటసేపు వెతికాను. మళ్లీ మీ దగ్గరికి రావడానికి భయమేసింది. మేకు వంచి పెట్టేశాను."

"నా నోటికి భయపడి వాడి ప్రాణం మీదికి తెస్తావా? నన్ను నాలుగు తిట్టాల్సింది. కిటికీ పగలగొట్టాల్సింది."

"మిమ్మల్నా?" అన్నాడు ఆయన. అందులో వెటకారం ఏమీ లేదు.

ఆవిడ రెండో బండి దగ్గరికి వెళ్లింది. మధ్యాహ్నం వాడు ఎక్కబోయేది అదే. పైటకొంగుతో గ్రీజు తుడిచి చూస్తే చిల్లులో మేకే ఉంది. మూడో బండికి పిన్నే ఉంది గానీ, పాతదాన్నే సుత్తితో సాపుచేసి దూర్చారు, ఒక కాలు అప్పుడే విరిగిపోయింది. నాలుగో బండి కూడా చూసింది. అక్కడ తీగముక్క ఉంది. ఏ బండి ఎవరు చేశారని ఈసారి అడగలేదు. ఇంతమంది మగాళ్లు, ఇన్నేళ్ల అనుభవం, ఒక్కడికీ కిటికీ దాకా రావడానికి కాళ్లు రాలేదన్నమాట. ఆవిడకి వాళ్లమీద ఒళ్లు మండింది. తనమీద అంతకన్నా ఎక్కువ మండింది, కానీ తనని తాను ఎలా తిట్టుకోవాలో తెలియలేదు.

స్టోరులోకి వెళ్లి పిన్నుల డబ్బా తెచ్చి పని బల్ల మీద దబ్బున పెట్టింది. ఇకనుంచి డబ్బా ఇక్కడే ఉంటుంది, ఎవరినీ అడగక్కర్లేదు, పాతవి అక్కర్లేదు అంది. ఎవరూ కదలలేదు.

"తీసుకోమంటున్నానా!"

అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. పెద్ద మెకానిక్కు కూడా.

తమ్ముడు దగ్గరికొచ్చి, ఆవిడకి మాత్రమే వినిపించేలా అన్నాడు. "అక్కా, నువ్వు కాసేపు బయటికెళ్లు. అప్పుడు తీసుకుంటారు."

వాడి చెంప ఛెళ్లుమనిపించాలనిపించింది. చెయ్యి లేవలేదు. ఆవిడ షెడ్డంతా దాటి, గేటు బయట రోడ్డు మీద ఎండలో నిలబడింది. అప్పటిగ్గానీ లోపల డబ్బా మూత తీసిన చప్పుడు కాలేదు.