బిగువు మరిచిన చేయి

రుద్రవరం పక్క పల్లెలో యాకోబు కుట్టిన తొండం చుక్క కారదని పేరు. ఎద్దులు బావిలోంచి నీళ్ళు లాగే కపిలకు కట్టే తోలు తొండం అది. తోలు వారును ఎంత గుంజి కుడితే అంత మన్నిక. ఆ పట్టు వాళ్ళ నాయన దగ్గర్నుంచి వచ్చింది. ఆ పనికి కూలిగా కళ్ళంలో రైతులు కొలిచే మేర గింజలతోనే ఇల్లు గడిచేది.

డెబ్బైల్లో ఊరికి కరెంటొచ్చింది. ఒక్కో బావి మీదా మోటారు కూచుంది. ఆఖరుకు ఎన్నేళ్ళుగానో అతని తొండమే కట్టిన రైతు భారతమ్మ కూడా కపిల తీయించేసింది.

"నీ మీద కోపమేం లేదు యాకోబూ. ఎద్దులకు మేత యాడ తెచ్చేది?"

ఆ ఏడు కళ్ళంలో అతనికి గింజ రాలలేదు.

నలభై దాటిన యాకోబు నంద్యాలలో కాలిన మోటార్లకు తీగ చుట్టే ఓబులేసు అంగట్లో పనికి కుదిరాడు. ఓబులేసు వయసులో చాలా చిన్న. అతన్ని 'మేస్త్రీ' అనడానికి యాకోబు నోరు రాక 'అప్పా' అని సరిపెట్టుకున్నాడు. మొదటి మోటారును ముచ్చటగా, బిర్రుగా చుట్టాడు. కరెంటు ఇవ్వగానే పొగలేచింది.

"ఏందన్నా, తొండం కుట్టినావా?" అన్నాడు ఓబులేసు. అంగడంతా నవ్వింది. "అట్ల గుంజితే రాగితీగ మీద పూత చిట్లుతాది. నీకు పని రాక కాదు. వేరే పని వచ్చుండాది, అదీ తిప్పలు. ఇంకోటి కాలిస్తే మాత్రం నేను పెట్టుకోలేను."

ఆదివారం ఇంటికొచ్చి కృపమ్మకు చెప్పాడు. ఆమె తల దువ్వుకుంటోంది. వీపు తిప్పి భర్త ముందు కూచుంది.

"జడ అల్లు. నొప్పి పుడితే చెప్తా."

"ఊరు నవ్వుతాది."

"మోటారు కాలిస్తే నవ్వలేదా?"

మొదటి పాయకే ఆమె కసురుకుంది. "ఇది తోలు కాదు."

ప్రతి ఆదివారం ప్రార్థన ముగిశాక అదే పని. కొత్తపని వేళ్ళకు అందుతూనే ఉంది, పాతదే వాటిని వదిలేది కాదు. ఒకనాడు జడ సగంలో ఉండగానే కృపమ్మ కునుకు తీసింది. యాకోబు తన చేతుల వంక చాలాసేపు చూసుకున్నాడు.

మరుసటేడు శనక్కాయ ఊడలు దిగే వేళ భారతమ్మ మోటారు కాలింది.

"నువ్వు చుడతావంట. మళ్ళీ కాలితే పంట పోతాది యాకోబూ."

"కాలితే తొండం కుడతాలేమ్మా. ఎద్దులను అడిగిపెట్టు."

ఆమె నవ్వలేదు. మోటారు మాత్రం ఇచ్చింది. అతను చుట్టి బిగించాక కాలువలో నీళ్ళు చేను చివరిదాకా పోయాయి. పంట చేతికొచ్చాక ఆమె అతనికి చేట నిండా కాయలు పోస్తుంటే అతనే అడిగాడు.

"మోటారుకు మేర ఏందమ్మా?"

"బావి అదే గదా."

ఎనభైల్లో ఆ బావీ ఎండింది. బోర్లు పడ్డాయి, నీళ్ళలో మునిగి తిరిగే మోటార్లు వచ్చాయి. ఊళ్ళోనే మోటార్లు చుట్టుకుంటున్న యాకోబు, యాభై దాటాక మళ్ళీ నంద్యాల బస్సెక్కాడు. ఈసారి ఓబులేసు అంగట్లోకి పోతూనే "మేస్త్రీ, ఇది కూడా చూపియ్యి" అన్నాడు.

ఆదివారం కృపమ్మ అడగకుండానే నెరిసిన ముడి విప్పి ముందు కూచుంది.

"ఉండేది నాలుగెంటికలు. చూసి అల్లు."