ఇత్తడి బొత్తాం, ఎండు మిరపకాయ

గంజి పెట్టిన ముతక చీర ఎండకు ఆరుతుంటే వచ్చే వాసన ఒకటుంది. మొన్న కోడలు దండెం మీద చీర ఆరేసింది. ఆ వాసన తగలగానే నా ప్రార్థన మధ్యలోనే ఆగిపోయింది. ఎస్తేరు పంతులమ్మ గుర్తొచ్చింది. ఆమె దగ్గర ఎప్పుడూ ఆ వాసనే వచ్చేది. నేను అంతగా ఈర్ష్యపడ్డ మనిషి నా బతుకులో ఇంకొకరు లేరు.

యుద్ధం ముగిసిన ఏడాది మా ఆయన బర్మా వైపు నుంచి గురజాల పక్కనున్న మా ఊరికి తిరిగొచ్చాడు. సైన్యంలో లారీ నడిపేవాడు. తలకు తగిలిన దెబ్బ మానింది గాని మాట పోయింది. "అది... అది..." తప్ప నోట ఇంకేమీ రాదు. చదువుకున్న నాలుగు అక్షరాలూ పోయాయి. ఆయన చెయ్యెత్తగానే నేను పరుగెత్తేదాన్ని. "మంచినీళ్ళా? చుట్టా? దుప్పటి కప్పమంటావా?" అని వరసగా అడిగేదాన్ని. ఆయన చెంబు విసిరికొట్టేవాడు. కట్టుకున్నదాన్నై ఉండి ఆయన మాట నాకే తెలియకపోతే ఇక నేనెందుకు అనిపించేది.

పంతులమ్మ మిషను బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నేరుగా మా ఇంటికొచ్చింది.

"బైబిల్లో, దేవాలయంలో మాట పోయిన యాజకుడు రాసి చెప్పడానికి పలక అడిగాడు గదా సుగుణా. అడగ్గానే ఇచ్చారు. మరి మనం ఈయనకేమిచ్చాం?"

"అక్షరాలే లేకపోతే పలక మీద ఏం రాస్తాడు పంతులమ్మగారూ?"

"అయితే అక్షరాలు గాకుండా ఇంకేదన్నా ఇద్దాం."

మరుసటి వారం నడుముకు కట్టుకునే గుడ్డపట్టీ ఒకటి తెచ్చింది. దాని మీద అన్నానికి చిన్న బియ్యం మూట, నీళ్ళకు గవ్వ, గుడికి గుడ్డ సిలువ, నొప్పికి గట్టి తాడు ముడి కుట్టింది. ఒక్కొక్కటీ ఆయన వేలితో తాకించి చెప్పింది. తర్వాత "ఏం కావాలి?" అని అడిగి ఊరుకుంది. ఎంతసేపని! నేను ఆగలేక "నీళ్ళేమో" అనబోయాను.

"ఏమే, అడిగేదీ నువ్వే, చెప్పేదీ నువ్వే అయితే ఇక ఆయనెందుకు మధ్యలో? కాసేపు నోరు మూసుకో."

ఆయన వేలు చివరికి ముడి మీద ఆగింది. వాకిలి వైపు చూపించి గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"ఎండ కళ్ళలో పడితే తల పోటెత్తుతందా అబ్బాయ్?" అంది ఆమె.

ఆయన పసిపిల్లాడిలా ఏడ్చాడు. గాలి తగులుతుందని ఆయన మంచాన్ని వాకిలికి ఎదురుగా వేసింది నేనే. ఆయన నొప్పి బయటపడినందుకు దేవునికి స్తోత్రం చెప్పాల్సింది పోయి, అది ముందు ఆమెకు తెలిసిందని కుళ్ళుకున్నాను. దేవుడే రోషం గలవాడని వాక్యం చెబుతుంటే నాకు ఈర్ష్య ఉండటంలో వింతేముందని సర్దిచెప్పుకున్నాను.

అప్పటినుంచి బడి విడిచాక రోజూ వచ్చేది. ఆమె వచ్చే వేళకు ఆయన తల దువ్వుకుని సిద్ధంగా కూర్చునేవాడు. అది చూసి చూసి ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"అన్నానికుంది, గుడికుంది. మరి నాకేదీ గుర్తు?"

"నీ గుర్తు నేనెట్టా కుడతానే? ఆయన చెప్పాల."

ఆయన లేచాడు. వాకిట్లో ఆరబోసిన కాయల్లోంచి ఒక ఎండు మిరపకాయ ఏరి తెచ్చి నా చేతిలో పెట్టాడు. మా అత్త పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మాట పోయినా బుద్ధి యాడికీ పోలేదమ్మా మావోడికి!"

నేనూ నవ్వేదాన్నే. కానీ ఆయన అంతటితో ఊరుకోలేదు. పెట్టెలోంచి పటాలం కోటు తీసి, దాని ఇత్తడి బొత్తాం ఒకటి తెంపి పంతులమ్మకు గుర్తుగా ఇచ్చాడు. ఆమెకు మెరిసే బొత్తాం, నాకు మిరపకాయ! రెండూ పట్టీకి కుట్టింది నేనే. సూది వేలికి గుచ్చుకుంటే దానికీ ఆమెనే తిట్టుకున్నాను.

కొన్నాళ్ళకు పంతులమ్మకు వినుకొండ బదిలీ అయింది. చెప్పిపోదామని వచ్చి గుమ్మంలోనే నిలబడింది. ఆయన బొత్తాం తాకాడు, బియ్యం మూట తాకాడు, మిరపకాయ తాకాడు. అంతకు ముందు ఎప్పుడూ ఒకదానితోనే సరిపెట్టేవాడు.

"ఆకలేస్తందా?" అంది ఆమె.

ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ ఆ మూడూ అదే వరసలో తాకాడు.

"ఏందే సుగుణా? నాకు చానా తికమకగా ఉంది."

నాకు తెలిసిపోయింది. తెలిసినా కాసేపు చెప్పలేదు. జవాబు కోసం ఆమె నా ముఖంలోకి చూస్తూ నిలబడటం ఎంత బాగుందో!

"మీకు అన్నం పెట్టమంటున్నాడు," అన్నాను చివరికి. "నన్ను."

తిరిగొచ్చాక మా ఆయన నాతో ఆడిన మొదటి పూర్తి మాట అది. ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. గోంగూర పచ్చడి వేసి, నెయ్యి కాస్త ఎక్కువే వడ్డించాను.

ఆమె మళ్ళీ మా ఊరు రాలేదు. బొత్తాం చెక్కుచెదరలేదు. మిరపకాయ మాత్రం ఏటా పొడైపోయేది. కొత్త కాయలు కళ్ళానికి రాగానే ఆయన రాశి ముందు చాలాసేపు కూర్చుని ఒకటి ఏరి తెచ్చేవాడు. నేను కుట్టేదాన్ని. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళేదాకా అలాగే సాగింది.

మోకరించినప్పుడు కూడా దేవుణ్ణి అడిగి, జవాబు నేనే చెప్పేసుకునే అలవాటు నాకుండేది. ఇప్పుడు అడిగి ఊరుకుంటాను. ఆ ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు సగం జీవితం పట్టింది. ఆమెకది ఎవరూ చెప్పకుండానే వచ్చిందని తలచుకుంటే మాత్రం, ప్రభువు క్షమించాలి, ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.